పెళ్ళికూతుళ్ళ కారు

మా ముత్తాతగారు కళింగపట్నం దగ్గరి తీరం నుంచి వేరే భాష మాట్లాడే ఈ నగరానికి వచ్చి గార్డెన్ రీచ్ ఓడల డాకులో మూడు గ్యాంగుల కూలీలకు మేస్త్రీగా చేశారు. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, ఓడల్లోకి సరుకు ఎక్కించి దించే కాంట్రాక్టరు. ఓడ ఆగగానే కెప్టెన్ మెట్లు దిగి వచ్చి ముందు ఆయనతోనే చెయ్యి కలిపేవాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. తెలుగు చర్చిలో కుడివైపు మొదటి బల్ల మాది. దాని మీద పేరు రాసి లేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. మేం ఆలస్యంగా వెళ్ళినా ఆ బల్ల ఖాళీగా ఉండేది తప్ప ఇంకొకరు కూర్చునేవారు కారు. మా నాన్నగారు అదే కాంట్రాక్టు చేశారు, డాకులో మూడో తరం. కంటెయినర్లు వచ్చాక బస్తాలు మోసే గ్యాంగులతో పని లేకుండా పోయింది, గ్యాంగులతోపాటు మాతోనూ.

కారు తాతగారు కొన్నది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఒకప్పుడు ఈ నగరంలో పసుపు ట్యాక్సీలన్నీ ఏ ఆకారంలో ఉండేవో అదే ఆకారం, మాది తెలుపు. ఆయన అందులో తిరిగింది రెండేళ్ళే. ఆ రెండేళ్ళలో ఒక పద్ధతి పెట్టి వెళ్ళారు. మా చర్చిలో పెళ్ళి చేసుకునే ప్రతి ఆడపిల్లా, తండ్రి ఓడలో బస్తాలు మోసేవాడైనా కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చేవాడైనా, ఇంటి నుంచి చర్చిదాకా ఈ కారులోనే వెళ్ళాలి. అద్దె లేదు. పెట్రోలు కూడా మాదే. పెళ్ళివారు కారు తుడవడానికి ఒక కొత్త పసుపు గుడ్డ తెచ్చి బానెట్ మీద పెట్టాలి, అంతే. ఆ గుడ్డలు బీరువా కింది అరలో దొంతరగా ఉండేవి. ఏ గుడ్డ ఎవరి పెళ్ళిదో మా అమ్మ చూడగానే చెప్పేది.

రెండో పద్ధతి నాన్నగారిది. మా కారు బానెట్‌ను బయటివాళ్ళ చెయ్యి ఎత్తకూడదు. నిజానికి తాతగారి కాలంలో ఒక డ్రైవరు, వారానికోసారి వచ్చే మెకానిక్కు ఉండేవారు. కాంట్రాక్టు పోయాక వాళ్ళూ పోయారు. అప్పుడు నాన్నగారు చొక్కా చేతులు మడిచి తనే బానెట్ ఎత్తారు. కొన్నాళ్ళకు అదే నియమమైంది. "ఇంట్లో లేనిదాన్ని నియమం చేసేసుకుంటారు మీవాళ్ళు" అని మా ఆయన అంటూ ఉంటారు. ఆయన రైల్వేలో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. మాటకు ముందు నవ్వే మనిషి. నాకు అంత తొందరగా నవ్వు రాదు.

నాకు అన్నదమ్ములు లేరు. అందుచేత టార్చిలైటు పట్టుకునే పని నాకు వచ్చింది. తరవాత పానాలు అందించే పని, తరవాత నాన్నగారి చెయ్యి దూరని చోట నా చెయ్యి దూర్చే పని. బానెట్ కింద ఆయన మాట్లాడేవారు కారు. డాకులో క్రేన్ నడిపేవాడికి కింది మనిషి మాట వినపడదు కాబట్టి అంతా చేతి సైగలతోనే జరుగుతుంది. ఆ సైగలే ఆయనవి. చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే పైకెత్తమని. అరచెయ్యి నేలవైపు ఆడిస్తే దించమని. వేళ్ళు మెల్లిగా ముడిచి తెరుస్తుంటే నెమ్మదిగా అని. పిడికిలి బిగిస్తే ఆగమని. భోజనాల దగ్గర కూడా అంతే. అరచెయ్యి ఆడిస్తే చారు పొయ్యాలి, పిడికిలి కనపడగానే గరిటె ఆగాలి. ఇతరుల ఇళ్ళలో తండ్రులు అన్నం తింటూ మాట్లాడతారని నాకు పెళ్ళయ్యాక తెలిసింది.

నా పెళ్ళికి కూడా ఆ కారే. తెల్ల చీర, నెత్తిన ముసుగు, చేతిలో పూలు పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. నాన్నగారు నడుపుతున్నారు. డాకు మీది వంతెన ఎక్కుతుండగా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆయన దిగి బానెట్ ఎత్తారు. చాలాసేపు దించలేదు. కిటికీలోంచి చూస్తే జేబులన్నీ తడుముకుంటున్నారు. దగ్గరి చూపు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయారు. ఎవరినైనా పిలవచ్చు, పక్కనే ట్యాక్సీలు పోతున్నాయి. పిలవరని నాకు తెలుసు. పూలు సీట్లో పెట్టి, ముసుగు నడుముకు చుట్టుకుని దిగాను. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు నల్లగా మాడి ఉన్నాయి. నాన్నగారి జేబులో అగ్గిపెట్టె ఉంది. దాని గరుకు పక్కను చింపి, పాయింట్ల మధ్య పెట్టి నాలుగుసార్లు రుద్దాను. కారు స్టార్టయింది. చర్చిలో నా చేతులు చూసి పాస్టరుగారు ఉంగరం తొడిగించే ముందు తన రుమాలు ఇచ్చారు.

ఆ సాయంత్రం విందులో నాన్నగారు లేచి నిలబడి అన్నారు: "ఇవాళ పెళ్ళికూతురు తనంతట తను దిగింది. నేను దింపలేదు. అయినా చెబుతున్నాను. ఇంకోసారి ఈ కారు ఏ పెళ్ళికూతురి కాలైనా రోడ్డు మీద పెట్టిస్తే ఆ రోజుతో ఇది మన ఇంట్లో ఉండదు, అమ్మేస్తాను." అందరూ చప్పట్లు కొట్టారు. అది ఛలోక్తి అనుకున్నారు.

నది ఒడ్డున ఇల్లు పోయింది. తాతగారి రెండు పడవలు అంతకుముందే పోయాయి. చర్చికి ఇవ్వబోయిన ఆర్గాన్ ఇవ్వకముందే పోయింది. నాన్నగారు పోయారు. కారు నాకు వచ్చింది. ఇప్పుడు మేముండేది ఒక సందులో కింది అంతస్తు. దాని పక్కనే రేకుల షెడ్డు, అందులో కారు.

పాత కారును ఇంట్లో బాగుచేసుకోవడమంటే ఎక్కువ భాగం బాగుచేయడం కాదు, కనిపెట్టుకుని ఉండడం. ఈ ఊళ్ళో వానాకాలం వచ్చిందంటే వీధి నీళ్ళు కారు గడప దాటతాయి. నీళ్ళు తగ్గగానే మ్యాట్లు తీసి, కింది రేకు పొడిగుడ్డతో తుడిచి, తుప్పు చుక్కల్ని గరుకు కాగితంతో రుద్ది రంగు వేయాలి. ఆలస్యం చేస్తే ఆ చుక్కలోంచి మరుసటి ఏడు నేల కనిపిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మూతలో చెమ్మ చేరుతుంది. రేడియేటర్ గొట్టం వేలితో నొక్కి చూస్తే గట్టిగా ఉందో మెత్తబడిందో చెబుతుంది. ఎడమ వెనక తలుపు సగం మూసి, కొంచెం పైకెత్తి, అప్పుడు నెట్టాలి. ఇవన్నీ ఎక్కడా రాసుకోలేదు, చేతులకు తెలుసు. పొద్దున్నే షెడ్డులో పనిచేసేటప్పుడు ఇంటి గురించీ పడవల గురించీ ఆలోచన రాదు. బోల్టు బిగిసిందా లేదా అన్నదే ఉంటుంది. అంత హాయి నాకు ప్రార్థనలో కూడా దొరకలేదని చెప్పడం తప్పే, కాని నిజం.

పెళ్ళికూతుళ్ళు మాత్రం తగ్గిపోయారు. ఏసీ కార్లు, పూల కార్లు వచ్చాయి. ఆఖరిసారి పసుపు గుడ్డ వచ్చి ఆరేళ్ళయింది. అందుకని గత సెప్టెంబరులో ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక, ఒక ముసలాయన మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడితే దేనికో నాకు అర్థం కాలేదు. ఆయన మా తాతగారి గ్యాంగులో ఓడ మీద నిలబడి క్రేన్‌కు సైగలు చేసిన మనిషి. నాన్నగారి దగ్గరా చేశాడు. ఇప్పుడు ఎనభై దాటాయి. కొడుకు డాకులోనే క్రేన్ల మరమ్మతులో ఉన్నాడు. మనవరాలు సాల్ట్ లేక్‌లో ఏదో కంప్యూటర్ ఆఫీసులో చేస్తుంది.

"చిన్నమ్మగారూ, మా పిల్లకి నవంబర్లో పెళ్లండి" అన్నాడు. అరవై ఆరేళ్ళ నన్ను చిన్నమ్మగారూ అనేవాళ్ళలో ఆఖరివాడు.

"సంతోషం."

"కారు..." అని ఆగిపోయాడు.

పక్కనున్న మనవరాలు అందుకుంది. "ఆంటీ, తాత గొడవ పడతన్నాడు. నేను యాప్‌లో మంచి బండి బుక్ చేస్తానన్నాను. వద్దంట. అందులో అయితేనే చర్చికి వస్తానంటన్నాడు. చలేగా తో? మీ కారు నడుస్తది కదా?"

"నడుస్తుందా అని ఎవరూ అడగరమ్మా దాన్ని" అన్నాను.

"సారీ ఆంటీ."

"ఇంటి గుమ్మం ముందు తొమ్మిదింటికి ఉంటుంది."

ఇంటికి నడుస్తుంటే మా ఆయన అడిగారు. "బ్రేకు మెత్తగా దిగుతోందని మొన్న నువ్వే అన్నావుగా?"

"బాగుచేస్తాను."

"వీధి చివర మెకానిక్కు ఉన్నాడు."

 ఆయన ఊరికే అన్నారు, నేను వెళ్ళనని తెలిసే.

బ్రేకు పెడల్ కాలికింద మెత్తబడిందంటే ఎక్కడో నూనె కారుతోందనో, గొట్టాల్లో గాలి చేరిందనో అర్థం. కారును జాకీ మీద లేపి, వెనక చక్రాలు విప్పి డ్రమ్ములు లాగాను. అనుకున్నట్టే రెండు చక్రాల్లోనూ రబ్బరు వాషర్లు అరిగి నూనె బయటికి వచ్చింది. మా ఆయన మల్లిక్ బజార్ వెళ్ళి కొత్త రబ్బర్లు, బ్రేకు నూనె సీసా తెచ్చారు. రబ్బర్లు మార్చడానికి రెండు రోజులు పట్టింది. వేళ్ళు ఒకప్పటిలా వంగవు.

నూనె నింపే రోజునే ముసలాయన వచ్చాడు. చంకలో పాత గాజుసీసా, మూతకు గుడ్డముక్క. కారు పెళ్ళికి వస్తుందంటే ఊరికే ఎలా ఉంటానని తెచ్చాడట.

"ఏటది?" అని మా ఆయన అడిగారు.

"క్రేన్ నూనె బాబూ. మావోడు తెచ్చినాడు. కొత్తదే, ఇందులోన సుక్క నీరుండదు. నాన్నగారు ఈ కారుకి ఇదే తప్ప బజారు నూనె ముట్టీవోరు కారు. నానే తెచ్చి ఇచ్చీవోణ్ణి, ఏడాదికో సీసా."

సీసా వెలుగుకు పట్టి చూశాను. ఎర్రగా, తేటగా ఉంది. నాన్నగారి షెడ్డులో ఇలాంటి సీసా ఉండేది, నాకు గుర్తుంది. గార్డెన్ రీచ్‌లో మావాళ్ళకు క్రేన్ నూనె మీద ఒక నమ్మకం. అంతంత బరువులు ఎత్తే యంత్రం తాగే నూనె కాబట్టి ఏ పనికైనా అదే మేలైందని. తలుపు బందులకు అదే, కుట్టు మిషన్‌కు అదే. ముసలివాళ్ళు మోకాళ్ళకు కూడా రాసుకునేవారు.

"బ్రేకులో పోస్తాను" అనలేదు నేను. "నాన్నగారు ఎందులో పోసేవారు?" అనీ అడగలేదు. మా కారు సంగతి మా గ్యాంగు మనిషిని అడిగి తెలుసుకోవడం నాకు తోచలేదు. "పెట్టి వెళ్ళు" అన్నాను. ఆయన సీసాను తలుపు పక్కన పెట్టి, కారుకు ఒక నమస్కారం లాంటిది చేసి వెళ్ళిపోయాడు.

"మరి నేను తెచ్చిన సీసా?" అన్నారు మా ఆయన.

"అది బజారుది. అందరూ పోసుకునేది."

"అందరి బ్రేకులూ పడుతున్నాయి కదా."

"మీరు పెడల్ మీద కూర్చోండి."

నేను కారు కింద పడుకున్నాను, ఆయన లోపల కూర్చున్నారు. నేను నొక్కమంటే నొక్కడం, పట్టమంటే పట్టడం, నేను చక్రం దగ్గర స్క్రూ వదులుచేసి గాలి పోనిచ్చి బిగించాక వదలడం.

"నొక్కండి."

"నొక్కా."

"పట్టండి."

"పట్టా. నలభై ఏళ్ళుగా పట్టే ఉన్నా."

నాలుగు చక్రాలకూ గాలి తీసేసరికి గాజుసీసా సగం ఖాళీ అయింది. పాత నూనె అంతా పోయి గొట్టాల్లో ఎర్ర నూనె నిండింది. పెడల్ రాయిలా గట్టిగా నిలబడింది. మర్నాడు పొద్దున డాకు రోడ్డు దాకా వెళ్ళి వచ్చాను. ఆగమన్నచోట ఆగింది. నాన్నగారు ఉంటే పిడికిలి బిగించి చూపించేవారు, చాలు అని. నాకు గర్వంగానే ఉంది. కారు షెడ్డులో పెట్టి, పై రేకు కడిగి తుడిచి, తెల్ల సీటు తొడుగులు ఇస్త్రీ చేసి, మూడు వారాలు మళ్ళీ బయటికి తీయలేదు.

పెళ్ళిరోజు పొద్దున తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా వాళ్ళ గుమ్మం ముందు ఆపాను. దారిలో కారు కొంచెం బరువుగా నడిచినట్టనిపించింది. చలికి ఇంజను వేడెక్కలేదనుకున్నాను. పెడల్ మరీ పైకి, మరీ గట్టిగా ఉంది. అదీ మంచికే అనుకున్నాను. ముసలాయన కొత్త పసుపు గుడ్డ తెచ్చి బానెట్ మీద పెట్టాడు. మడత విప్పనిది, తీసి సీటు పక్కన పెట్టుకున్నాను. సందులో వాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. అలా చూసి ఎన్నేళ్ళయిందో.

పెళ్ళికూతురు వెనక కూర్చుంది, పక్కన తాత. ఎడమ తలుపు నేనే దిగి పైకెత్తి మూశాను. మా ఆయన ముందు సీట్లో నా పక్కన. మగపిల్లలు, పెళ్ళికూతురి తండ్రి, బంధువులు వెనకే నడుస్తున్నారు. చర్చి దూరం కాదు. నాలుగు మలుపులు, ఒక పెద్ద రోడ్డు.

రెండో మలుపు దగ్గర ఒకసారి బ్రేకు వేశాను. కాలు తీసేశాను. కారు మాత్రం బ్రేకు వదల్లేదు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను మూలుగుతూ లాగింది. పెద్ద రోడ్డు మీదికి వచ్చేసరికి ఏదో మాడుతున్న వాసన.

"ఆంటీ, ఏదో కాలతంది" అంది పెళ్ళికూతురు.

"బయటిది" అన్నాను.

ఎదురుగా రిక్షా అడ్డం వస్తే మళ్ళీ బ్రేకు వేయాల్సి వచ్చింది. అంతే. నాలుగు చక్రాలూ పట్టేశాయి. కారు రోడ్డు మధ్యలో నిలబడిపోయింది, కదల్లేదు. వెనక ఓ లారీ హారన్ మీద హారన్. "ఓ దిదీ! గాడీ షొరాన్ నా!" అని, కారు పక్కకు తీయమని డ్రైవరు తల బయటపెట్టి అరుస్తున్నాడు.

దిగి ముందు చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ తగిలింది. పొగ సన్నగా లేస్తోంది. నాకు అప్పుడే తెలిసిపోయిందనుకుంటాను, కాని ఒప్పుకోవడానికి ఇంకొంచెం సేపు పట్టింది. టూల్ బాక్సులోంచి చిన్న పానా తీసి, కొత్త పసుపు గుడ్డ చేతికి చుట్టుకుని, చక్రం వెనకున్న స్క్రూ వదులుచేశాను. ఎర్ర నూనె చిమ్మి నా చీర మీద పడింది. చక్రం వదిలేసింది. ఒక్కొక్కటే నాలుగూ అలాగే వదిలించాను. రబ్బర్లు ఉబ్బి నూనెను వెనక్కి పోనివ్వడం లేదు. క్రేన్ నూనెకు మా రబ్బర్లు పడవు. ఇక పెడల్ లేనట్టే. ఉన్నది హ్యాండ్ బ్రేకు ఒక్కటే.

పెళ్ళికూతురు కిటికీ దించి ఫోను చేతిలో పట్టుకుని ఉంది. "ఆంటీ, యాప్‌లో బండి చూపిస్తంది. నాలుగు నిమిషాలు. పిలవనా?"

ఆ పిల్ల మంచిగానే అడిగింది. తలుపు పిడి మీద చెయ్యి కూడా వేసింది. ఆ చెయ్యి చూశాను. కింద రోడ్డు, నూనె, దుమ్ము. నాన్నగారు విందులో లేచి నిలబడిన సాయంత్రం నా కళ్ళముందు ఉంది. బ్రేకు లేని కారును నడపడం కూడదని నాకు తెలుసు, అందులో పెళ్ళిపిల్లను కూర్చోబెట్టి. నా జీవితంలో ఎప్పుడూ లేనంత కష్టం మీద అన్నాను: "పిలువమ్మా."

"పిలవకే!" అని ముసలాయన అప్పటికే అటు తలుపులోంచి దిగాడు. "ఏటమ్మా, ఇంజన్ నడిపితే కదా బ్రేకు కావాల్సింది? ఇంతమందిమి ఉన్నాం. ఒరే, రండ్రా! మోసీ బతుకులే కదా మనవి. తొయ్యండి!"

"తాతా, పాగల్ అయ్యావా!" అంది పిల్ల. అని నవ్వేసింది. చెయ్యి పిడి మీంచి తీసేసింది.

ఇంజను ఆపాను. గేరు తీసి స్టీరింగ్ ముందు కూర్చున్నాను, ఒక చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద. మా ఆయన కోటు విప్పి సీట్లో పడేసి వెనక్కి వెళ్ళారు. పెళ్ళికూతురి తండ్రి, బంధువులు, ఇద్దరు రిక్షావాళ్ళు. హారన్ కొట్టిన లారీ క్లీనరు కూడా దిగి వచ్చి భుజం పెట్టాడు.

ముసలాయన కారుకు పది అడుగులు ముందు, నాకు ఎదురుగా తిరిగి నిలబడ్డాడు. గొంతు వినపడదని ఆయనకు తెలుసు. చెయ్యి ఎత్తాడు. చూపుడువేలు తిప్పాడు. వెనకవాళ్ళు తోశారు. కారు కదిలింది.

ఎనభై దాటిన మనిషి, వెనక్కి వెనక్కి నడుస్తూ, నా కళ్ళలోకే చూస్తూ చేతులతో మాట్లాడుతున్నాడు. వేళ్ళు ముడిచి తెరిచాడు, నెమ్మదిగా అని. గుంత దగ్గర చెయ్యి ఎడమకు ఊపాడు, తిప్పాను. అరచెయ్యి నేలవైపు ఆడించాడు, వాలు వస్తోందని, హ్యాండ్ బ్రేకు కొంచెం లాగాను. ఒక్క మాట లేదు. ఆ సైగలు చూసి ఎన్నో ఏళ్ళయినా నా చేతులు తడబడలేదు. మా తాతగారి ఓడల్లోంచి ఎన్ని వేల బస్తాలు ఇలాగే దింపి ఉంటాడో. మేం చెయ్యి చూపిస్తే వాళ్ళు మోసేవారని నేను పెరిగాను. చెయ్యి చూపించింది ఎప్పుడూ ఈయనేనని ఆ రోడ్డు మీద తోచింది.

చర్చి గేటులో మెట్లకు సరిగ్గా ఎదురుగా పిడికిలి బిగించాడు. హ్యాండ్ బ్రేకు లాగాను. కారు నిలబడింది. పెళ్ళికూతురు మెట్టు మీద కాలు పెట్టింది.

పెళ్ళయ్యాక చెట్టు కింద కుర్చీలో ముసలాయన పక్కన కూర్చున్నాను. నా చీర మీద నూనె మరక ఎండలేదు. అప్పుడు అడిగాను.

"నాన్నగారు ఆ నూనె ఎందులో పోసేవారు?"

"జాకీలోనమ్మా. ఇంకెందులోన పోత్తారు? నాను మోకాళ్ళకి రాసుకుంతాను."

"బ్రేకులో పోస్తున్నానని నీకు తెలీదా?"

"రబ్బర్లు అక్కడ పడున్నాయి, సూసినాను. అనుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

ఆయన నావైపు చూశాడు. కోపం లేదు. "మీరు అడగనేదు కదమ్మా. మీ ఇంటోళ్ళకి అడక్కుండా సెప్పడం మాకు అలవాటు నేదు."

మెట్ల మీద పిల్లలు ఫోటోలు దిగుతున్నారు. అటు చూస్తూ ఆయనే అన్నాడు: "అయినా పిల్ల కాలు రోడ్డుమీద పడనేదు. నాన్నగారి మాట పోనేదు. మీ పెళ్ళినాడు నానూ విందులోనే ఉన్నాను."

అందరూ అదే అన్నారు. మా ఆయన కూడా. మాట ప్రకారం చూస్తే వాళ్ళది నిజమే. వేరే బండి పిలవమన్నది మాత్రం నేనే.

మర్నాడు వీధి చివర మెకానిక్కు దగ్గరికి నడిచి వెళ్ళాను. ఎప్పుడూ లోపలికి అడుగుపెట్టని షెడ్డు. "క్రేన్ నూనె బ్రేకులో పోశాను, ఏం చెయ్యాలి?" అని అడిగాను. అతను నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "మొత్తం రబ్బర్లు మార్చాలి దిదీ, గొట్టాలు స్పిరిటుతో కడగాలి, ఒక్క చుక్క కూడా మిగలకూడదు" అని ఒక కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. రబ్బర్లన్నీ నేనే మార్చాను. గొట్టాలు నేనే కడిగాను. చివరికి అతన్ని పిలిచి, బానెట్ నేనే ఎత్తి, చూడమన్నాను. అంతా చూసి, ఒక స్క్రూ సగం తిప్పు బిగించి, బాగుందన్నాడు. ఆ సగం తిప్పు నేను వదిలేసింది.

ఫిబ్రవరిలో కారు అమ్మేశాను. పెళ్ళిళ్ళకు పాత కార్లు అద్దెకిచ్చే ఖిద్దిర్‌పూర్ ఆయన కొన్నాడు. తెల్ల సీటు తొడుగులు, జాకీ, టూల్ బాక్సు, బీరువా కింది అరలోని పసుపు గుడ్డలన్నీ కారుతోపాటే ఇచ్చేశాను. బ్రేకులు బాగున్నాయి.